దినం కాడ మోగిన పాట

పాటలు అమ్మే కొలువులో నా సగం జీవితం గడిచింది. నాకు పాట రాదు, రాగం తెలియదు. ఇంట్లో జోలపాట కూడా మా ఆమే పాడేది. అయినా ఏ పాట నడుస్తుంది, ఏది నడవదు అని చెప్పే పని కంపెనీ నాకే అప్పజెప్పింది. ఇప్పుడు ఆ పని చేసేవాళ్ళకు అంత తిరుగుడు లేదట. ఎంతమంది విన్నారో, ఎక్కడ ఆపేశారో అంకెలన్నీ ఫోనులోనే కనబడతాయని మొన్న ఒకాయన చూపించాడు. చూసి సంతోషపడాల్సింది. నాకు మాత్రం నీరసం వచ్చింది. అంకెలను నేను కూడా బాగా నమ్మినవాణ్ణే.

అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమం నడుస్తున్నప్పుడు మా కాలేజీ మూతపడింది. ఆ ఏడాది చదువు పోయింది. పోయినదాన్ని మళ్ళీ మొదలుపెట్టే ఓపిక నాకు లేకపోయింది. గ్రామఫోను రికార్డుల కంపెనీ ఒకటి మా వైపు తిరగడానికి మనిషి కావాలంటే చేరాను. జనగామ నుంచి మానుకోట దాకా రైలు, అక్కడి నుంచి ఊళ్ళకు బస్సు, బస్సు పోని చోటికి అద్దె సైకిలు. మహబూబాబాద్‌ను మేమంతా మానుకోట అనే అంటాం, ఇక్కడా అలాగే రాస్తాను.

ఇంట్లో రికార్డు కొనుక్కుని వినేవాళ్ళు ఆ రోజుల్లో వేళ్ళ మీద లెక్క. మాకు అసలు గిరాకీ మైకుసెట్టు వాళ్ళు. పెళ్ళయినా, జాతరయినా, ఎన్నికలయినా వాళ్ళు వేసిన పాటే ఊరు వినేది. ఒక గాయని పాటలన్నీ కలిపి పెద్ద రికార్డు వేసేముందు, అందులోంచి రెండు పాటలు తీసి, అటొకటి ఇటొకటి పెట్టి చిన్న రికార్డు వేసేవాళ్ళం. అది ముందు మైకుసెట్లకూ చాయ్ హోటళ్ళకూ పోయేది. అది నడిస్తే పెద్ద రికార్డు నడుస్తుంది. ముందు ఏ పాట బయటికి పోవాలన్నదే ఆ వ్యాపారంలో ప్రాణం లాంటిది.

నేను చెప్పబోయే గాయని మానుకోట సర్కారు దవాఖానలో నర్సు. అందరూ నర్సమ్మ అనేవాళ్ళు, ఇక్కడా ఆమె అంతే. సన్నని గొంతు కాదు. బొంగురుగా, అడుగున తడి ఉన్నట్టు ఉండేది. దవాఖాన వాళ్ళు చేసుకున్న ఏదో పండుగలో పాడితే విన్నవాళ్ళు కంపెనీకి చెప్పారు. మద్రాసు నుంచి సంగీతం మనిషి వచ్చి, ఆమె సొంతంగా కట్టుకున్న పాటల కింద గిటారూ డ్రమ్ములూ పెట్టాడు. మా జనగామ డీలరు సేటు మొదటిసారి విని, "సారూ, గిది మనోళ్ళ పాటనా, ఇంగ్లీషు దొరసానుల పాటనా?" అన్నాడు. వారం తిరిగేసరికి ఇంకో పెట్టె రికార్డులు పంపమని ఆయనే కబురు చేశాడు. స్టేషన్ ముందరి హోటల్లో ఆ పాట అయిపోయేదాకా లేవబుద్ధి కాక రెండో చాయ్ చెప్పినవాళ్ళను నేను చూశాను.

కంపెనీలో ఒక నమ్మకం ఉండేది. మొదటి రికార్డు అదృష్టం కొద్దీ నడవొచ్చు, అసలు సంగతి రెండోది తేలుస్తుంది. ఆమెతో రాసుకున్న కాగితంలోనూ అదే ఉంది. రెండో పెద్ద రికార్డు నడిస్తే మూడోది, లేకపోతే సెలవు. ఆమె దవాఖానలో జీతం లేని సెలవు పెట్టి రెండో రికార్డు పాటలు కట్టుకుంది. ఇది గెలిస్తే నర్సు కొలువు మానేసి పాటే బతుకు చేసుకుంటానని నాతో అన్నది.

ఆ పాటలను శుభ్రంగా రాసి మద్రాసు పంపే పని నాదే. అందులో రెండు పాటలు మిగతావాటికంటే ఎత్తుగా నిలబడ్డాయి. ఒకటి వరి నాటు వేసేవాళ్ళ పాట. గబగబా పోతుంది, వింటే కాలు నిలవదు. రెండోది నిదానం పాట. నర్సు ట్రెయినింగుకు మొదటిసారి ఇల్లు విడిచి పోయేటప్పుడు తల్లితో చెప్పుకున్న మాటలు. తలుపు దగ్గరికెయ్యకే అవ్వా, మళ్ళొస్త, అని మొదలవుతుంది.

"అన్నా, నాటు పాట ముందుగాల ఎయ్యుండ్రి," అని ఆమె పట్టుబట్టింది. "తలుపు పాట పెద్ద రికార్డుల ఉండనీ. ఇన్నోళ్ళు ఇంటికాడ నిమ్మళంగ ఇంటరు."

"నేను చెప్పేదీ నువ్వు చెప్పేదీ కాదమ్మా. జనం ఏం చెబుతారో చూద్దాం," అన్నాను.

జనం ఏం చెబుతారో తెలుసుకోవడానికి నాకొక పద్ధతి ఉండేది. నమూనా రికార్డులు కొందరు మైకుసెట్టు వాళ్ళకు ఇచ్చేవాణ్ణి. పాట అయిపోయాక ఎవరైనా వచ్చి మళ్ళీ వెయ్యమంటే ఒక గీత గీయాలి. చదువు రాకపోయినా గీత గీయొచ్చు కదా. ఆ గీతలన్నీ తెచ్చి డైరీలో పట్టిక వేసేవాణ్ణి. ఊరు, పాట, గీతలు. కంపెనీలో నా పట్టికలకు మంచి పేరు. కొత్తవాళ్ళకు చూపించేవాళ్ళని విన్నాను.

ఆసారి ఆ రెండు పాటలున్న నమూనా రికార్డు లింగాల ఘనపూర్ మైకుసెట్టు ఆయనకు ఒకటి, జనగామ హోటలుకు ఒకటి ఇచ్చాను. మూడోది కురవి మైకుసెట్టు ఆయనకు. వారం చివరికి పట్టిక పంపాలి. నేను కురవిలో బస్సు దిగేసరికి ఆయన బండి మీద హారన్లు కట్టుకుంటున్నాడు.

"సారూ, మంచిగ దొరికిండ్రు. కానీ నేను పోయేది దినానికి. పెద్దదొర పోయిండు, ఇయ్యాల పదకొండో దినం. మీ రికార్డు రేపో ఎల్లుండో ఏస్త, సరేనా?"

"జనం ఉంటారా?"

"ఊరంత ఆన్నే ఉంటది."

"ఇంకేం మరి. ఇయ్యాల్నే వెయ్యి."

ఆయన హారను కట్టడం ఆపి నన్ను చూశాడు. "సారూ, దినం కాడ..."

"గీతలు మరిచిపోకు," అని నేను బస్సు కోసం రోడ్డు దాటాను.

ఆయన ఏం చెప్పబోయాడో నాకు తెలియదని రాస్తే అబద్ధం. మా వైపు పుట్టినవాణ్ణి, నాకు తెలుసు. దినానికి మోగిన పాటను ఆ చుట్టుపక్కల మళ్ళీ పెళ్ళికి వేయరు. మైకుసెట్టు వాళ్ళు ఆ రికార్డులు వేరే పెట్టెలో పెట్టుకుంటారు, మరిచిపోయి కలిపేయకుండా పెట్టెకు నల్లదారం కడతారు. అందులో తత్వాలు, భజనలు ఉంటాయి. ఒకసారి ఆ పెట్టెలోకి పోయిన పాట బయటికి రాదు. ఇదంతా తెలిసి కూడా ఒక్క దినంతో ఏమవుతుందిలే అనుకున్నాను. నిజానికి ఆ రోజు నా మనసంతా పట్టిక మీదే ఉంది.

రెండు రోజుల తరువాత కాగితం ఇస్తూ ఆయన ముఖం వెలిగిపోయింది. "సారూ, మీ నర్సమ్మ ఊరంతటిని ఏడిపిచ్చింది! దొర పెద్దకొడుకు లేడా, తండ్రి సస్తె కంట్ల సుక్క రానోడు, తలుపు పాటకు కూలవడ్డడు. మల్ల ఎయ్యి, మల్ల ఎయ్యి అని సూది అరిగిందాక ఏపిచ్చిండ్రు."

కాగితం నిండా గీతలు. జనగామ, ఘనపూర్ కలిపినా అందులో సగం లేవు. అక్కడ నాటు పాటే కొంచెం ముందుంది. కూడితే మాత్రం తలుపు పాట ఎక్కడికో పోయింది. పట్టికలో దినం అని రాయడానికి గడి లేదు. నేను గడి గీయలేదు.

జనగామ సేటుకు సంగతి ఎలా తెలిసిందో, నేను పోయేసరికి తెలిసిపోయింది. "సారూ, గది దినానికి మోగిందట గద? ఇగ పెండ్లిళ్ళకు ఎవరడుగుతరు? నాటు పాట ముందు రానియ్యి. గిదాన్ని జర ఆపుండ్రి."

"సేటూ, మీరింకా ఆ కాలంలోనే ఉన్నారు."

"నా గిరాకీ ఆ కాలంలనే ఉన్నది సారూ," అన్నాడు ఆయన.

చిన్న రికార్డు తలుపు పాటతో వచ్చింది, సరిగ్గా పెళ్ళిళ్ళ ముందు. వెనకవైపు వేరే పాట ఏదో ఉంది. మైకుసెట్టు వాళ్ళు ఒకరి సామాను ఒకరు అరువు తెచ్చుకుంటారు, ఒకరి కబురు ఒకరికి చేరుతుంది. నెల తిరగకుండా ఆ రికార్డు నల్లదారం పెట్టెల్లో కుదురుకుంది. దినాలకు అడిగి వేయించుకున్నారు. ఒక ఊరికి ఒక్క రికార్డు చాలు దానికి. కంపెనీ కంగారుపడి నాటు పాటను రెండో చిన్న రికార్డుగా తెచ్చింది. డీలర్లు కట్ట విప్పనే లేదు. అట్ట మీద ఆమె పేరుంది కదా. వెనకే వచ్చిన పెద్ద రికార్డుకూ అదే గతి.

పెద్దవంగర దగ్గర ఒక పటేలు ఇంట పెళ్ళి. మొదటి రికార్డు విని ఆమెను పందిట్లో పాడమని ఎప్పుడో చెప్పి ఉంచారు. నేనూ వెంట పోయాను, నాలుగు రికార్డులు అమ్ముకోవచ్చని. ఆమె కుంకుమరంగు చీర కట్టుకుంది. మద్దెల మనిషి మద్దెల సరిచేసుకుంటున్నాడు. అంతలో ఆడవాళ్ళలోంచి ఒక ముసలమ్మ ముందుకు వచ్చింది.

"గీమె గాదు? గా తలుపు పాట పాడిన నర్సమ్మ?"

పెళ్ళికూతురు తాత లేచి మా దగ్గరికి వచ్చాడు. పెద్దమనిషి. కోపం చేయలేదు, చేసినా బాగుండేది.

"బిడ్డా, మా అన్న దినంల నీ పాట ఇన్న. మస్తు పాడినవ్. మా ఇంటిల్లిపాది ఏడ్చినం. గానీ ఇయ్యాల మా ఇంట్ల పెండ్లి."

"గది పాడ తాతా. నాటు పాట పాడుత. నవ్వుల పాట."

ఆయన తల అడ్డంగా ఊపాడు. "పాట గాదు బిడ్డా, గొంతు. గా గొంతు ఇంటె మాకు అన్ననే మతికొస్తడు. కోపం జేస్కోకు. తిని పోండ్రి, తినకుండ పోవద్దు."

మమ్మల్ని వేరే కూర్చోబెట్టి బాగా పెట్టారు. ఆమె తిన్నది. నేను తినలేకపోయాను. వచ్చేటప్పుడు బస్సులో, తొర్రూరు దాటాక, ఆమె అడిగింది.

"అన్నా, నా పాట దినాలకు ఎట్ల పోయింది? ఎవలిచ్చిండ్రు?"

"మైకోళ్ళ ఇష్టమమ్మా. ఎవరికి తెలుసు," అన్నాను.

ఆ రోజు డైరీలో పెద్దవంగర, అమ్మకాలు లేవు, అని రాసుకున్నాను.

సికింద్రాబాదు నుంచి మేనేజరు వచ్చాడు. కోస్తా వైపు మనిషి, చెడ్డవాడు కాదు. జనగామ సేటు దుకాణంలో కూర్చుని, "ఏమండీ, మీ పట్టిక చూసే కదా మేం ముందుకెళ్ళింది. ఏం జరిగిందో కాస్త రాసివ్వండి," అన్నాడు. సేటు కౌంటరు వెనక నుంచి నా వైపు చూశాడు. నేను చెబుతానేమోనని ఆగాడు. నేను కాగితం తీసుకున్నాను. గాయని గొంతులో బరువు ఎక్కువ, శుభకార్యాల గిరాకీకి తగిన హుషారు లేదు, రెండో రికార్డులో ఈ లోపం బయటపడింది. మూడు వాక్యాలు, చక్కటి దస్తూరీ. మేనేజరు చదివి మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆయన పోయాక సేటు నాతో ఒక్క మాటే అన్నాడు: "నేనైతే గట్ల రాయకపోదును సారూ."

కంపెనీ ఆమెతో రాసుకున్న కాగితం రద్దయింది. ఆమె దవాఖానకు తిరిగి పోయింది. నాకు శిక్ష అని ఎవరూ అనలేదు గానీ కొత్త ఇలాకా ఇచ్చారు, భూపాలపల్లి వైపు. అప్పటికి అక్కడ బొగ్గు పని మొదలు కాలేదు. అడవి, దూరం దూరం ఊళ్ళు, కరెంటు అంతంతే. కొన్నాళ్ళకు క్యాసెట్లు వచ్చి రికార్డుల పని పడుకుంది. నేను కూడా దానితో పాటే పడుకున్నాననిపించేది. తిరగడం ఆపలేదు, ఎందుకు తిరుగుతున్నానో ఆలోచించడం ఆపేశాను.

ఎనభైలలో ఒక మధ్యాహ్నం భూపాలపల్లి అవతల ఒక ఊళ్ళో ఆగాను. పెళ్ళి ముగిసి అప్పగింతలు నడుస్తున్నాయి. పిల్లను బండి ఎక్కించబోతున్నారు. మైకులో గిటారు మోగింది. నాకు ముందు అర్థం కాలేదు. తరువాత ఆ గొంతు. తలుపు దగ్గరికెయ్యకే అవ్వా, మళ్ళొస్త. పెళ్ళికూతురు తల్లిని పట్టుకుంది, తల్లి పందిరి గుంజను పట్టుకుంది. మగవాళ్ళు తలపాగలతో కళ్ళు తుడుచుకున్నారు.

పాట అయ్యాక మైకుసెట్టు ఆయన దగ్గరికి పోయాను. పరకాలలో పాత సామానుతో పాటు ఈ రికార్డుల కట్ట కూడా దొరికిందట.

"గిది ఎప్పటి నుంచి వేస్తున్నవ్?"

"మూడేండ్లాయె. మా దిక్కు గిది మోగంది పిల్ల గడప దాటది సారూ."

"దినాలకు వేస్తారా?"

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "ఏం సారూ, మంచిగనే ఉన్నవా? అప్పగింతల పాట దినానికి ఎవడన్న ఏస్తడా?"

ఆ పాట మొదట ఒక పెళ్ళిలో మోగి ఉంటే చాలు, ఆమె బతుకు ఇంకో దారిలో పోయేది. కురవిలో ఆ రోజు ఇంకో రెండు రోజులు ఆగి ఉంటే చాలు. గొంతులో బరువు అని నేను రాసిన కాగితం నా జేబులో లేకున్నా ఉన్నట్టే అనిపించింది. మరునాడే మానుకోట పోయాను.

ఓపీ వరండాలో ఆమె సూదులు వేస్తున్నది. జుట్టు అక్కడక్కడ నెరిసింది. వరుసలో చాలామంది ఉన్నారు. నన్ను చూసి, "ఏంది అన్నా, పానం బాగలేదా?" అన్నది. బాగానే ఉందన్నాను. చేతిలో పని అయ్యేదాకా ఆగి, ఆ పెళ్ళి సంగతి చెప్పాను. తరువాత కురవి సంగతి చెప్పాను. దినమని తెలిసే వెయ్యమన్నానని చెప్పాను.

ఆమె సూదులు ఉడికే గిన్నె మీద మూత పెట్టింది. "కురవి ఆయన ఎప్పుడో చెప్పిండు. కాళ్ళ మీద పడ్డంత పని జేసిండు పాపం. నువ్వెప్పుడు చెప్తవో అని నేనే సూసిన. బస్సుల చెప్తవనుకున్న."

ఆమె దూది తీసుకుని తరువాతి మనిషి చెయ్యి తుడిచింది.

"గది పోనీ. తప్పు ఎవలైన చేస్తరు. నా గొంతు బాగలేదని రాసినవ్ సూడు, గది. కంపెనీ నాకు నీ కాగితం నకలు పంపింది. నీ దస్తూరీ నేను గుర్తువట్టనా? నా పాటలన్నీ రాసిన దస్తూరీ అది. అటెన్క ఎన్నడన్న పాడుదామని నోరు తెరిస్తె, బరువు, బరువు అని ఇనవడేది. పాడబుద్ధి గాలే."

"కంపెనీకి ఇప్పుడు రాస్తానమ్మా. జరిగింది జరిగినట్టు."

"రాయి. గీడనే కూసోని రాయి."

బల్ల మీద కూర్చుని రాశాను. ఆమె నాలుగు సూదులు వేసి వచ్చి, నా భుజం మీదుగా చదివింది. సమాచార సేకరణలో జరిగిన లోపం వల్ల, అని మొదలుపెట్టాను నేను.

"గీ లోపం ఎవలిది అన్నా? దానికి మనిషి లేడా?"

కొట్టేశాను. ఆ పాటను దినంలో వేయించింది నేను, తప్పు నాది, గొంతులో ఏ లోపమూ లేదు, అని రాశాను. ఆమె ఇంకోసారి చదివి, "ఆఁ" అన్నది. తపాలా డబ్బాలో ఆమె చూస్తుండగానే వేశాను.

జవాబు రెండు నెలలకు వచ్చింది. ఉత్తరం అందిందనీ, ఆ రికార్డును మళ్ళీ వేయడానికి కావాల్సిన అచ్చులు కరిగించేశారనీ, కంపెనీ ఇప్పుడు భక్తి క్యాసెట్ల మీద దృష్టి పెట్టిందనీ ఉంది. అది పట్టుకుని మళ్ళీ మానుకోట పోయాను. ఈసారి కూడా వరుస పెద్దదే. ఆమె నిలబడే చదివింది. అచ్చులు అన్న మాట దగ్గర కొంచెం ఆగినట్టనిపించింది, నా భ్రమ కావచ్చు. మడిచి నాకే ఇచ్చింది.

"సరే అన్నా. పోయిరా."

నేనింకా అక్కడే నిలబడ్డాను. ఇంకేదో ఉంటుందనుకున్నాను, తిట్టో మన్నింపో. నా వెనక ఒక ముసలామె మోచేయి పట్టుకుని మూలుగుతున్నది.

"జర పక్కకు జరుగు అన్నా," అన్నది నర్సమ్మ. "రా అవ్వా, చెయ్యి సాపు."

నేను పక్కకు జరిగాను.